గైడ్ గారి నూటయాభై పేపర్లు ఎక్కణ్ణుంచి చదవాలి?

ప్రశ్న: జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేశాను. పరాన్నజీవుల మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసర్ గారి దగ్గర పీహెచ్‌డీకి చేరే అవకాశం వచ్చింది. ఆయన పేరు మీద నూటయాభైకి పైగా పేపర్లున్నాయి. మలేరియా, కడుపులో పురుగులు, లీష్మేనియా (కాలా అజార్ తెచ్చే పరాన్నజీవి), ఈమధ్య కోవిడ్ మీద కూడా రాశారు. చేరేముందు చదువుదామని కూర్చుంటే పది పేపర్లకే తల తిరిగిపోయింది. సీనియర్లేమో హెచ్-ఇండెక్స్ చూసుకో చాలు అంటున్నారు. ఒక పేపర్‌కి కరెక్షన్ నోటీసు కనిపించింది. ఇంకో పేపర్‌లో ఆయన చెప్పిన ఫలితాన్ని వేరే దేశంవాళ్ళు మాకు రాలేదంటూ రాశారు. ఇవి చూశాక భయం పట్టుకుంది. ఇంత పనిని నాలాంటిది ఎలా అంచనా కట్టాలి? చేరమంటారా, వద్దంటారా? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం:

వరసగా మొదటినుంచి చదువుకుంటూ పోతే ఎవరికైనా తల తిరుగుతుంది. పాతికేళ్ళపాటు ఒక మనిషి పేరు మీద వచ్చిన పేపర్లన్నీ ఒకే రకం పని కావు. కొన్ని ఆయన సొంత ప్రశ్నలు. కొన్ని విద్యార్థుల థీసిస్ ముక్కలు. కొన్ని వేరే ల్యాబ్‌వాళ్ళు శాంపిల్స్ పంపితే పరీక్ష చేసిపెట్టినందుకు పేరు చేర్చినవి. కొన్ని ఎవరో ఎడిటర్ అడిగితే రాసిచ్చిన రివ్యూలు. ముందు రివ్యూలన్నీ పక్కన పెట్టేయండి, లిస్టు అప్పుడే కాస్త తగ్గుతుంది. అయితే వాటిలో తాజా రివ్యూ ఒక్కటి మాత్రం చదవండి. ఆయన తన రంగాన్ని ఎలా చూస్తున్నారో అందులో తెలుస్తుంది.

హెచ్-ఇండెక్స్ సంగతి త్వరగా తేల్చేద్దాం. అది 40 అంటే, కనీసం 40 సైటేషన్ల (వేరే పేపర్లు దాన్ని ఉటంకించడం) చొప్పున వచ్చిన పేపర్లు 40 ఉన్నాయని అర్థం. అంతకుమించి ఏమీ చెప్పదు. మలేరియా మీద పనిచేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి అక్కడ మామూలు పేపర్‌కి కూడా సైటేషన్లు పడతాయి. పేగుల్లో ఉండే విప్‌వార్మ్ అనే పురుగు మీద పనిచేసేవాళ్ళు బహు తక్కువ. ఎంత బాగా రాసినా సైట్ చేసేవాళ్ళుండాలి కదా. ఈ రెండు రంగాలవాళ్ళ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. ఇక చైనా శాస్త్రవేత్త టు యుయు సంగతి చూడండి. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు గాను 2015లో వైద్యశాస్త్ర నోబెల్‌లో సగం అందుకున్న ఆవిడకు పీహెచ్‌డీ లేదు. ఆ మందు రసాయన నిర్మాణం గురించి 1977లో చైనీస్ భాషలో వచ్చిన పేపర్ మీద వ్యక్తుల పేర్లే లేవు, పరిశోధక బృందం పేరుతో అచ్చయింది. మీ సీనియర్ల లెక్కలో ఆ పేపర్‌కి ఆవిడ ఖాతాలో పడేది సున్నా.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. పెద్ద తెల్లకాగితం ఒకటి తీసుకుని మలేరియా పరాన్నజీవి జీవితచక్రం గీయండి. డిగ్రీలో మార్కుల కోసం గీసిందే. దోమ కడుపు, లాలాజల గ్రంథులు, అక్కణ్ణుంచి మనిషి చర్మం, కాలేయం, ఎర్ర రక్తకణాలు, గామిటోసైట్లు (రక్తంలోంచి దోమలోకి వెళ్ళే రూపం), మళ్ళీ దోమ. ఆయన మలేరియా పేపర్లకు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చి, అది ఈ చక్రంలో ఏ దశ మీద చేసిన పనో అక్కడ ఆ నంబరు రాయండి. దీనికి పేపరంతా చదవనక్కర్లేదు. శీర్షిక, సారాంశం, అవసరమైతే మెథడ్స్ మొదటి పేరా సరిపోతాయి. పేగుల్లోని పురుగులకు ఇంకో కాగితం, లీష్మేనియాకు ఇంకొకటి. రోగనిర్ధారణ పరీక్షలు, మందుల ప్రయోగాలు, ఎంతమందికి సోకిందో చెప్పే సర్వేలు కూడా ఏదో ఒక దశకు చెందినవే. ఉదాహరణకు, రక్తంలో ఉన్నదాన్ని మాత్రమే చంపే మందు మీద పేపర్ అయితే రక్తదశ దగ్గర పడుతుంది.

పరాన్నజీవుల రంగంలో నాకు దీనికంటే మంచి కొలత కనిపించదు. కాగితం నిండాక నంబర్లు ఎక్కడో ఒకచోట గుంపుగా చేరతాయి. అదే ఆయన చేతికి నిజంగా అలవాటైన పని, మీరు చేరితే నేర్చుకోబోయేదీ అదే. అక్కడి పేపర్లను సంవత్సరాల వరసలో పెట్టి చూడండి. మొదటి పేపర్ లేవనెత్తిన అనుమానాన్ని మూడోది పట్టుకుందా, లేక ప్రతి పేపరూ కొత్త ఊళ్ళో పాత సర్వేయేనా? ఆ తర్వాత ఖాళీగా మిగిలిన చోట్లు చూడండి. పరిశోధనకు వచ్చేవాళ్ళు ఎక్కువసేపు చూడాల్సింది వాటినే అని నా అభిప్రాయం. ఎందుకో మలేరియా చరిత్రలోంచే చెబుతాను.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు చూశాడు. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. దాని శీర్షిక తెలుగులో చెప్పాలంటే, మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత రంగు కణాల గురించి. రెండంటే రెండు దోమలు! మలేరియాను మోసేది దోమే అని ఆయన అప్పటికే గట్టిగా నమ్ముతున్నాడు. అయినా శీర్షికలో నమ్మకాన్ని పెట్టలేదు, కంటితో చూసిందాన్ని, ఎన్నిట్లో చూశాడో ఆ లెక్కను పెట్టాడు. మీ ప్రొఫెసర్ గారి శీర్షికల్ని కూడా ఈ దృష్టితో చూడండి. ఎలుకలో చేసిన పనికి శీర్షికలో ఎలుక ఉందా? పాతికమంది రోగుల్లో చేసిన పని లోకమంతటికీ వర్తించేట్టు కనిపిస్తోందా?

రాస్ పేపర్‌లో ఒక లోపం ఉంది. తను కోసిన దోమ ఏ జాతిదో ఆయనకు తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని మాత్రం వర్ణించాడు. ఆ తర్వాత బదిలీ మీద వెళ్ళిపోయి, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ కడుపులోంచి లాలాజల గ్రంథులకు చేరి, అక్కణ్ణుంచి ఆరోగ్యంగా ఉన్న పక్షికి పాకడం దాకా మొత్తం దారి చూపించాడు. మనుషుల మలేరియాకు అదే పనిని ఆ ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ, బిగ్నామీ, బాస్టియానెల్లి చేశారు. గ్రాసీ జంతుశాస్త్రవేత్త. ఏది ఏ దోమో ఆయనకు తెలుసు, అనాఫిలిస్ అని పేరు పెట్టి చెప్పగలిగాడు. 1902 నోబెల్ రాస్ ఒక్కడికే వెళ్ళింది, ఇద్దరి మధ్యా జీవితాంతం తగవు మిగిలింది. ఆ గొడవ మనకొద్దు గానీ, జువాలజీ చదివి ఈ రంగానికి వస్తున్నందుకు మీరు ఎవరి ముందూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

దోమ వైపు దారి అలా తెలిసింది. మరి మనిషి వైపు? దోమ కుట్టాక రక్తంలో పరాన్నజీవి కనిపించడానికి వారం, అంతకుమించి పడుతుంది. ఆ వారం రోజులూ అది ఎక్కడుంది? 1903లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షౌడిన్ దీనికి జవాబు రాశాడు. దోమ నుంచి వచ్చిన స్పోరోజోయిట్ (దోమ కాటుతో ఒంట్లోకి చేరే పరాన్నజీవి రూపం) నేరుగా ఎర్ర రక్తకణంలోకి దూరిపోవడం మైక్రోస్కోపు కింద తను చూశానన్నాడు. షౌడిన్ సామాన్యుడు కాదు. మరో రెండేళ్ళకు, 1905లో, హాఫ్‌మన్‌తో కలిసి సిఫిలిస్ క్రిమిని కనిపెట్టినవాడు. ఆ పేరుకున్న బరువుతో ఈ మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. మళ్ళీ ఎవరికీ అది కనబడలేదు. కనబడకపోయినా నలభై ఏళ్ళకు పైగా కాగితం మీద బాణం గుర్తు దోమ నుంచి నేరుగా రక్తానికే ఉండిపోయింది. ఖాళీ ఉన్నచోట ఖాళీ లేనట్టు గీయడం వల్ల జరిగిన నష్టం ఇది.

దాన్ని విప్పడానికి ముగ్గురు నలుగురు వేరువేరు దారుల్లో రావలసి వచ్చింది. 1937లో జేమ్స్, టేట్ కోళ్ళ మలేరియాలో రక్తకణాల బయట పెరిగే దశ ఒకటి చూపించారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో నీల్ హామిల్టన్ ఫెయిర్లీ, వలంటీర్లుగా వచ్చిన సైనికులను దోమలతో కుట్టించి, వాళ్ళ రక్తాన్ని వేళకు వేళ తీసి వేరేవాళ్ళకు ఎక్కించి చూశాడు. మొదటి గంట లోపు తీసిన రక్తం జబ్బును అంటిస్తుంది. ఆ తర్వాత కొన్ని రోజులపాటు అంటించదు. మళ్ళీ అంటించడం మొదలవుతుంది. అంటే ఆ మధ్యకాలంలో అది రక్తంలో లేదు, ఇంకెక్కడో దాక్కుంది. 1948లో షార్ట్, గార్నమ్ ఒక రీసస్ కోతికి వందలకొద్దీ దోమల ద్వారా కోతి మలేరియా ఎక్కించి, వారం తర్వాత అవయవాలన్నీ వెతికారు. కాలేయంలో దొరికింది. వెంటనే మనిషికి వచ్చే వైవాక్స్ రకం మలేరియాలోనూ దాన్ని చూపించారు. అక్కడితో కూడా ఆగలేదు. నయమైన నెలల తర్వాత వైవాక్స్ ఎందుకు తిరగబెడుతుందన్న ప్రశ్నకు, కాలేయంలోనే నిద్రపోయే హిప్నోజోయిట్లను 1980ల మొదట్లో క్రొటోస్కీ బృందం చూపించేదాకా జవాబు దొరకలేదు.

ఒకమాట. ఫెయిర్లీ చేసినలాంటి ప్రయోగాలను నేటి ఎథిక్స్ కమిటీ ముందు పెడితే ఎన్నెన్ని ప్రశ్నలు ఎదురవుతాయో ఊహించుకోండి. పాత పేపర్లలో ఫలితాలను గౌరవిస్తూనే, ఎవరి ఒంటిమీద చేశారు, వాళ్ళు కాదనగలిగే స్థితిలో ఉన్నారా అని అడగడం అలవాటు చేసుకోవాలి. కొత్త పేపర్లకూ అదే ప్రశ్న. ఎథిక్స్ అనుమతి వివరం ఒక్క వాక్యమే ఉంటుంది, కానీ అది ఉందో లేదో చూడండి.

ఇంత కథ ఎందుకంటే, మీ కాగితం మీద ఖాళీలు కూడా ఇలాంటివే. కొన్నిచోట్ల పని చేయడానికి పద్ధతి ఇంకా లేదు. కాలేయంలో నిద్రపోతున్న వైవాక్స్‌ను నేరుగా పట్టుకునే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. కొన్నిచోట్ల షౌడిన్ లాంటివాళ్ళు వేసిన బాణం గుర్తును ఎవరూ తిరిగి పరీక్షించలేదు. ప్రొఫెసర్ గారిని కలిసినప్పుడు ఆ ఖాళీల్లో ఒకదాని మీద వేలుపెట్టి, ఇక్కడ ఎందుకు పనిచేయలేదండీ అని అడగండి. దానికి ఆయనిచ్చే జవాబు నూటయాభై పేపర్ల కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక పురుగుల పేపర్లు. వీటిలో మెథడ్స్ చదవకుండా ఫలితాలకు వెళ్ళకండి. మలంలో గుడ్లు లెక్కపెట్టడానికి ఎక్కువమంది వాడేది కాటో-కాట్జ్ పద్ధతి. 41.7 మిల్లీగ్రాముల మలాన్ని స్లైడ్ మీద పరిచి, కనిపించిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. చవక, తేలిక. కానీ ఇందులో వాడే గ్లిసరిన్ కొంకిపురుగు గుడ్లను త్వరగా మాయం చేస్తుంది. అరగంట నుంచి గంటలోపు స్లైడ్ చూడాలి. ఊళ్ళో తయారుచేసిన స్లైడ్లను సాయంత్రం ల్యాబ్‌కి తెచ్చి చూశారనుకోండి, ఆ ఊళ్ళో కొంకిపురుగులు తక్కువ అన్న ఫలితం వస్తుంది. పురుగులు తక్కువా, చూడడం ఆలస్యమా? స్లైడ్ ఎంతసేపట్లో చూశారో రాసిన పేపర్‌ని నేను కాస్త ఎక్కువ నమ్ముతాను. ఒకే రోజు, ఒకే స్లైడ్ చూసి సరిపెట్టారా, రెండు మూడు రోజుల శాంపిల్స్ తీసుకున్నారా అన్నది కూడా అంతే ముఖ్యం. మందు వేశాక మిగిలే కొద్దిపాటి పురుగుల్ని ఒక్క స్లైడ్ తరచూ దాటేస్తుంది, అప్పుడు మందు పనితనం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది.

ఇంకొకటి. పురుగులు జనంలో సమానంగా పంచుకుని ఉండవు. చాలామందిలో ఏమీ ఉండవు, ఉన్నా కొద్దిగా ఉంటాయి. కొద్దిమంది కడుపుల్లోనే దండిగా ఉంటాయి, రక్తహీనతా, ఎదుగుదల కుంటుపడడమూ ఎక్కువగా వాళ్ళకే. కాబట్టి నూటికి ఎంతమందికి పురుగులున్నాయో మాత్రమే చెప్పే పేపర్ సగం కథే చెప్పినట్టు. కొంకిపురుగుకు గ్రాముకు 2,000 లోపు, ఏలికపాముకు 5,000 లోపు గుడ్లుంటే తేలికపాటి ఇన్ఫెక్షన్ కింద లెక్క. ఆ విభజన ఇచ్చారో లేదో చూడండి.

లీష్మేనియా పేపర్లలో చూడాల్సింది ఒక్కటి చెప్పి వదిలేస్తాను. లీష్మేనియా నిర్ధారణకు వాడే ఆర్‌కే39 పరీక్ష యాంటీబాడీలను పట్టుకుంటుంది. జబ్బు నయమైన తర్వాత కూడా అవి చాలాకాలం ఉండిపోతాయి. పాత జబ్బు ఉన్నవాళ్ళను వేరుచేయకుండా ఈ పరీక్ష ఒక్కదానితోనే కొత్త కేసులు లెక్కించిన పేపర్ అయితే జాగ్రత్త.

మీ భయం దగ్గరకు వద్దాం. వేరే దేశంవాళ్ళకు అదే ఫలితం రాలేదంటే ఎవరో ఒకరు తప్పు చేశారనుకుంటున్నారు. ఈ రంగంలో ఇద్దరూ సరిగ్గానే చేసి, వేరువేరు జవాబులు పొందడం మామూలే. పురుగుల మందుల మీద జరిగిన పెద్ద వాదన చూడండి. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 75 బడుల్లో పిల్లలకు మందులిచ్చి చూసి, బడి మానేయడం దాదాపు పావు వంతు తగ్గిందని ఆర్థికవేత్తలు మిగెల్, క్రెమర్ 2004లో రాశారు. మందు తీసుకోని పిల్లలకూ కొంత మేలు జరిగిందన్నారు, ఎందుకంటే చుట్టూ గుడ్లు తగ్గాయి. ఇటు ఉత్తరప్రదేశ్‌లో పది లక్షలమంది చిన్నపిల్లల మీద డెవ్టా అనే ప్రయోగం జరిగింది. ఆరునెలలకోసారి పురుగుల మందు అల్బెండజోల్ ఇచ్చారు. పిల్లల మరణాల్లో గానీ బరువులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదని లాన్సెట్‌లో వచ్చింది. ఒకటి అబద్ధం, ఒకటి నిజం అని తీర్పు చెప్పేముందు చూడండి: కెన్యాలో బడిపిల్లలు, ఇన్ఫెక్షన్ తీవ్రత ఎక్కువ. ఉత్తరప్రదేశ్‌లో బడి ఈడు రాని పిల్లలు, ఎక్కువగా తేలికపాటి ఇన్ఫెక్షన్లు. అక్కడ కొలిచింది బడి హాజరు, ఇక్కడ కొలిచింది మరణాలూ బరువూ. ప్రశ్నలే వేరు.

2015లో కెన్యా డేటాను వేరే బృందం తిరిగి లెక్కకట్టి, మొదటి పేపర్ లెక్కల్లో కొన్ని పొరపాట్లు పట్టుకుంది. దాని మీద ఆర్థికవేత్తలూ ఎపిడెమియాలజిస్టులూ హోరాహోరీగా వాదించుకున్నారు. మొదటి పేపర్ నిలబడిందా లేదా అన్నదాని మీద ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. అయితే ఆ పొరపాట్లు బయటపడడానికి కారణం, మిగెల్, క్రెమర్ తమ డేటాను, లెక్కల ఫైళ్ళను అడిగినవాళ్ళకు ఇవ్వడమే. ఇవ్వకుండా దాచుకున్నవాళ్ళ పేపర్లలో తప్పులు దొరకవు, ఉండవని కాదు. మీ ప్రొఫెసర్ గారి పేపర్ చివర డేటా ఎక్కడ దొరుకుతుందో రాసి ఉందేమో చూడండి. వేరే దేశంవాళ్ళు కాదన్నాక ఆయన ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. తర్వాతి పేపర్‌లో ఆ విషయం ప్రస్తావించి, తేడా ఎందుకొచ్చిందో వెతికితే మంచి గుర్తు. అసలు అలాంటి పేపర్ ఒకటి ఉందన్న సంగతే ఎక్కడా ఎత్తకపోతే నాకు నచ్చదు.

కరెక్షన్ నోటీసు చూసి బెదిరిపోకండి, అది తెరిచి చదవండి. ఒక్కోసారి రచయిత పనిచేసే సంస్థ పేరు తప్పు పడింది అని ఉంటుంది. ఒక్కోసారి పట్టికలో యూనిట్లు తారుమారు అయ్యాయని ఉంటుంది. రచయితలే గుర్తించి పంపిన దిద్దుబాటు అయితే ఆ ల్యాబ్‌లో పాత పనిని తిరిగి చూసుకునే అలవాటు ఉందని అర్థం, అది మీకు మంచిదే. రిట్రాక్షన్ వేరు, పేపర్‌నే వెనక్కి తీసుకోవడం. అలాగే వేరువేరు పేపర్లలో ఒకే ఫొటో వేరువేరు ప్రయోగాల పేరుతో కనిపించిందనే ఆరోపణ ఉంటే, అది ఒకటికి మించిన పేపర్లలో ఉంటే, ఆ ఇంటి గడప తొక్కకండి. అచ్చయిన పేపర్ల మీద వ్యాఖ్యలు రాసే వెబ్‌సైట్ పబ్‌పీర్‌లో ఆయన పేరుతో ఒకసారి వెతకండి.

కోవిడ్ పేపర్లున్నాయని కాస్త వ్యంగ్యంగా రాసినట్టు అనిపించింది. 2020లో చాలా ల్యాబులు దారి మళ్ళాయి, అందులో తప్పేమీ లేదు. పీసీఆర్ యంత్రాలూ, చేయగలిగిన చేతులూ ఉన్నచోట అవి పరీక్షలకు అవసరమయ్యాయి. చూడాల్సింది ఆ పేపర్‌లో ఏం చెప్పుకున్నారన్నది. ఐవర్‌మెక్టిన్ కథ మీకు గుర్తుండే ఉంటుంది. మెల్‌బోర్న్ పరిశోధకులు ల్యాబ్‌లో పెంచిన కణాల్లో ఆ మందు వైరస్‌ను బాగా తగ్గించిందని 2020లో రాశారు. ఫలితం ఫలితమే, కానీ వాళ్ళు వాడిన గాఢత, మాత్ర మింగితే రక్తంలో వచ్చేదానికంటే పదుల రెట్లు ఎక్కువ. ఆ ఒక్క వాక్యం చదవనివాళ్ళంతా మందుల షాపులకు పరిగెత్తారు. మేలు బాగా ఉందని చెప్పిన ప్రీప్రింట్ (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్) ఒకటి డేటా మీద అనుమానాలు రావడంతో 2021లో ఉపసంహరించారు. బ్రెజిల్‌లో జరిగిన టుగెదర్ ట్రయల్ 2022లో ఉపయోగం కనిపించలేదని తేల్చింది.

కానీ ఇందులో మన రంగం వాళ్ళకు ఇష్టమైన మలుపు ఒకటుంది. ఐవర్‌మెక్టిన్ మొదటినుంచీ పురుగుల మందు. కోవిడ్ రోగులకు స్టెరాయిడ్లు ఇచ్చేవారు. ఒంట్లో స్ట్రాంగిలాయిడిస్ పురుగు నిశ్శబ్దంగా ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే ఆ పురుగు విపరీతంగా పెరిగిపోయి ప్రాణం మీదికి తేగలదు. ఐవర్‌మెక్టిన్ వల్ల మరణాలు తగ్గినట్టు కనిపించిన ప్రయోగాలు ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోవేనని 2022లో వచ్చిన ఒక విశ్లేషణ చూపించింది. మందు వైరస్‌ను కాక పురుగును చంపి ఉండవచ్చని దాని సూచన. అది రుజువైందని నేననను. కానీ ఒకచోట వచ్చిన ఫలితం మరోచోట ఎందుకు రాదో, అసలు రోగంతోపాటు ఒంట్లో ఇంకెవరు అద్దెకున్నారో అడగడం పరాన్నజీవుల మనిషికి మాత్రమే తోచే ప్రశ్న. ఆ ప్రశ్న మీ ప్రొఫెసర్ గారి కోవిడ్ పేపర్లలో కనిపిస్తే ఆయన దారి తప్పలేదన్నమాట.

తేదీల విషయంలో ఒక చిన్న సూచన. పేపర్ అచ్చయిన సంవత్సరం కాదు, శాంపిల్స్ తీసిన సంవత్సరం చూడండి. డెవ్టా ఫీల్డ్‌వర్క్ 2004లో ముగిసింది, పేపర్ వచ్చింది 2013లో. మందులకు లొంగని మలేరియా లాంటి వాటిలో అంత ఎడం ఉంటే ఫలితం చరిత్ర కింద లెక్క.

చేరడమా మానడమా అన్నది తేల్చేది మాత్రం ఇంకో చోట ఉంది, రచయితల పేర్ల వరసలో. గత పదేళ్ళలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళ పేర్లు తీయండి. థీసిస్‌లు యూనివర్సిటీ లైబ్రరీలో దొరుకుతాయి. వాళ్ళ థీసిస్ పనికి వచ్చిన పేపర్లలో వాళ్ళే ఫస్ట్ ఆథర్లా, లేక పేరు మధ్యలో ఇరుక్కుందా? ఒక్కొక్కరికి ఎన్నేళ్ళు పట్టింది? ఆ తర్వాత పరిశోధనలో ఉన్నారా? ఫీల్డ్‌లో శాంపిల్స్ సేకరించిపెట్టిన ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు, టెక్నీషియన్ల పేర్లు ఎక్కడైనా కనిపిస్తున్నాయా, కనీసం కృతజ్ఞతల్లోనైనా? కిందివాళ్ళకు వాటా ఇచ్చే మనిషి మీకూ ఇస్తారు. ఇవ్వనివారు మీ దగ్గర కొత్తగా మొదలుపెట్టరు. ఆయన పాత విద్యార్థులు ఇద్దరితోనైనా ఫోన్లో మాట్లాడండి. మెయిల్ రాస్తే అందరూ మర్యాదగానే రాస్తారు, ఉపయోగం లేదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. కరెక్షన్ నోటీసు, కాదన్న పేపర్, కోవిడ్ పని, ఈ మూడింటిలో ఏదీ వద్దనడానికి కారణం కాదు. నాకు అనుమానం కలిగించేది ఒక్కటే: మలేరియా, పురుగులు, లీష్మేనియా అన్నిటిమీదా పేపర్లుండి, మీ కాగితాల మీద నంబర్లు ఎక్కడా గుంపు కాకుండా చెదిరిపోతే, అది శాంపిల్స్ వచ్చిన చోటల్లా పేపర్లు రాసే ల్యాబ్. అక్కడ టెక్నిక్‌లు వస్తాయి, ప్రశ్న వేయడం రాదు. గుంపు కనిపించి, విద్యార్థులకు ఫస్ట్ ఆథర్ దక్కుతుంటే చేరండి.

కలవడానికి వెళ్ళినప్పుడు ఫెలోషిప్ ఎన్నేళ్ళకు ఖాయంగా ఉందో, మీ పనికి కావలసిన గ్రాంట్ చేతిలో ఉందా లేక రాబోతోందా అన్నదీ మొహమాటం లేకుండా అడగండి. ఫీల్డ్‌కి వెళ్ళాల్సి వస్తే ఎవరితో వెళ్తారు, ఎక్కడ ఉంటారు అన్నది కూడా. వీటిలో ఏదైనా ఆయన తర్వాత చూద్దాంలే అంటే, చేరే తేదీని మీరూ తర్వాత చూద్దామనవచ్చు.